నిమ్మకొమ్మపై పదునాలుగు గ్రుడ్లు

మాఘమాసము చివరి దినములలో మా హోసూరు ప్రాంతమున ఉదయము చలిగానే యుండును. ఎనిమిది గంటలకు పాఠశాల ఆవరణములో ఎంత వెదకినను సీతాకోకచిలుక యొక్కటియు కానరాదు. ప్రొద్దెక్కి గోడమీది ఎండ వెచ్చనైన పిదప, నల్లని రెక్కలమీద లేత పసుపు మచ్చలు గల సీతాకోకచిలుకలు రెండు మూడు నిమ్మచెట్టు చుట్టును తిరుగ నారంభించును. "ఇవి యెక్కడినుండి వచ్చుచున్నవి?" అని ఒకనాడు ఆఱవ తరగతి బాలుడొకడు మమ్ము అడిగెను.

మేము పదవ తరగతి చదువుచున్న ఏడుగురము. మా సైన్సు సంఘమునకు సభ్యులము. ఆ ప్రశ్నకు పుస్తకములోని సమాధానము మాకు కంఠస్థమై యున్నది: గ్రుడ్డు, డింభకము, కోశస్థము, ప్రౌఢజీవి. కాని ఆ నాలుగింటిలో చివరిదానిని తప్ప తక్కిన మూడింటిని మాలో నెవ్వరును కన్నులార చూచియుండలేదు. తెలుగువారము ఈ ప్రాణిని సీతాకోకచిలుక యందుము. మా యిరుగుపొరుగున తమిళులు వణ్ణత్తుప్పూచ్చి యనియు, కన్నడిగులు చిట్టె యనియు పిలుతురు. మా ఊరి పిల్లలకు మూడు పేర్లును తెలియును. దాని గ్రుడ్డు ఎట్లుండునో మాత్రము మూడు భాషలలోను తెలియదు. ఈ లోటు తీర్చుకొనుటకు మేము చేసిన ప్రయత్నమును, అందు మేము నేర్చిన దానిని, పొరపడిన దానిని ఇందు వివరించుచున్నాము.

ఎప్పుడు, ఎక్కడ చూడవలెను?

మన దక్షిణదేశమున సీతాకోకచిలుకలు విస్తారముగా కనబడు కాలము వానలు పడిన పిమ్మటి మాసములు. వసంతారంభమున వాని సంఖ్య అంతగా నుండదు. అయినను చూచువారికి ఈ కాలమున ఒక సౌకర్యము కలదు. చలి తగ్గగానే నిమ్మ, కరివేప మొదలగు చెట్లు చిగుళ్లు వేయును. ఆడ సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టుటకు ముదురాకును గాక లేత చిగురునే వెదకును. కావున చిగురు వేసిన కొమ్మయొద్ద ఓపికతో నిలిచినచో అది తనంత తానే మన యెదుటికి వచ్చును. దాని వెంట పరుగెత్త నక్కఱలేదు.

మనుష్యులవలె తన యొంటి వేడిని ఎల్లప్పుడు ఒక్క తీరున నిలుపుకొను శక్తి సీతాకోకచిలుకకు లేదు. ఉదయమున అది ఎండ తగులుచోట రెక్కలు పఱచి కూర్చుండి, శరీరము తగినంత కాగిన పిదపనే చక్కగా ఎగురగలదు. ఎనిమిదిన్నర మొదలు పది గంటలవరకు అది ఇట్లు ఎండ కాచుకొనుచు కదలక యుండును గనుక, దగ్గఱకు పోయి పరిశీలించుటకు ఇదియే మేలైన సమయము. మన నీడ దానిమీద పడకుండ చూచుకొనవలెను. నీడ పడెనా, మఱుక్షణమున లేచిపోవును. ఎండ ముదిరిన పిదప కుళాయి క్రిందను, కాలువ గట్టునను ఉన్న చెమ్మనేల చూడవలెను. అచ్చట మగ సీతాకోకచిలుకలు వ్రాలి తడి పీల్చుచుండును. అవి కోరునది నీటిని మాత్రమే కాదు; ఆ నీటిలో కరగియున్న ఉప్పులను.

చిమ్మటను చూచి సీతాకోకచిలుక యని భ్రమపడుట మాలో కొందఱికి మొదట సంభవించినది. తలమీది మీసములను చూచినచో ఈ భ్రమ తొలగును. సీతాకోకచిలుక మీసము చివర చిన్న బొడిపె యుండును. చిమ్మటల మీసములు సాధారణముగ దారమువలె సన్నగనో, ఈకవలె కుచ్చుగనో యుండును.

ఏ చెట్టునకు ఏ సీతాకోకచిలుక?

మేము నేర్చిన పాఠములలో మొదటిది ఇది: రెక్కలు వచ్చిన సీతాకోకచిలుక అనేక జాతుల పూవులలో తేనె త్రాగును గాని, దాని పిల్ల అన్ని ఆకులను తినదు. ఒక్కొక్క జాతికి తినదగిన చెట్లు కొన్ని మాత్రమే. నిమ్మ, నారింజ, కరివేప, మారేడు, వెలగ మొదలగునవి యన్నియు ఒక్క కుటుంబపు చెట్లు. మేము పైన చెప్పిన నలుపు పసుపుల సీతాకోకచిలుక వీనిమీద పెరుగును. దానిని నిమ్మ సీతాకోకచిలుక యని చెప్పుదుము. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి పపిలియో డెమోలియస్ అని పేరు పెట్టెను. నారింజవన్నె రెక్కలకు నల్లని అంచు గల మఱియొక జాతి జిల్లేడుమీద పెరుగును. రేలచెట్టుమీద లేత పసుపువన్నెవి, ఆముదపు మొక్కమీద గోధుమవన్నెవి పెరుగును. గన్నేరు ఆకుల నడుమ నిగనిగలాడు వెండివంటి కోశము వ్రేలాడుచున్నచో, అది నల్లని రెక్కల సీతాకోకచిలుకదని తెలిసికొనవచ్చును. మామిడాకుమీద పెరుగునవియు కలవు.

తల్లి తన చెట్టును ఎట్లు గుర్తించును? దూరమునుండి రంగును, వాసనను గ్రహించునని చెప్పుదురు. ఆకుమీద వ్రాలిన తరువాత ముందరి కాళ్లతో దానిని తట్టును. ఆ పాదములయందే రుచి తెలిసికొను శక్తి యున్నది. తగిన ఆకు అయినచో పొట్ట చివరను వంచి ఒక్క గ్రుడ్డు అంటించి, మఱియొక చిగురునకు ఎగిరిపోవును. నిమ్మచెట్టు కడ ఒక్క గంట నిలిచి మేము దీనిని చూచితిమి. ఆ గంటలో ప్రక్కనున్న గులాబిమీద గాని, మందారముమీద గాని అది ఒక్క గ్రుడ్డైనను పెట్టలేదు.

పురుగును దాని చెట్టుతో కలిపి చూడవలెనను సంగతి లోకమునకు నేర్పినవారిలో ఒక బాలిక ముఖ్యురాలు. 1647లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరమందు జన్మించిన మరియా సిబిల్లా మెరియన్ పదుమూడవ యేట, అనగా 1660లో, పట్టుపురుగులను పెంచి పరిశీలింప నారంభించెను. పురుగులు బురదనుండియు కుళ్లిన పదార్థములనుండియు తమంత తామే పుట్టునని చాలమంది నమ్ముచుండిన కాలమది. ఇటలీ దేశీయుడగు ఫ్రాంచెస్కో రెడి మాంసములో పుట్టు పురుగులు ఈగ గ్రుడ్లనుండియే వచ్చునని 1668లో నిరూపించెను. మెరియన్ 1679లో ప్రకటించిన గ్రంథమున ఒక్కొక్క గొంగళిపురుగును అది తిను మొక్కమీదనే చిత్రించినది. తరువాత 1699లో దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడలో వెళ్లి, అక్కడి కీటకముల గూర్చిన మహాగ్రంథమును 1705లో వెలువరించినది. మా వయస్సునకంటె చిన్న వయస్సున ఒక బాలిక మొదలిడిన పని మేము చేయలేమా యని మాకు తోచినది.

గ్రుడ్లు మా చేతికి వచ్చిన విధము

ఫిబ్రవరి 20వ తేదీన పాఠశాల ఆవరణమును శుభ్రపఱచుచు, త్రోవకు అడ్డముగా పెరిగిన నిమ్మకొమ్మలను కొట్టివేసిరి. కొమ్మలు కుప్పగా పడియున్నవి. సాయంకాలమునకు వానిని తగులబెట్టుదురు. మేము తోటపని చూచువారి అనుమతి గైకొని ఆ కుప్పలోని చిగుళ్లన్నిటిని ఒక్కొక్కటిగా త్రిప్పి చూచితిమి. ఆవగింజంత పరిమాణము, లేత పసుపు వన్నె, ముత్యమువలె గుండ్రన. ఒక్కొక్క ఆకుమీద ఒక్కొక్కటి. అట్టివి పదునాలుగు దొరకినవి. గ్రుడ్డును ఆకునుండి ఊడదీయ యత్నించిన అది చితుకును. కావున ఆకులతోనే రెమ్మలను కత్తిరించి తెచ్చితిమి.

రెండు అట్టపెట్టెలకు ప్రక్కలు కోసి దోమతెర గుడ్డ అంటించి, ఒకదానిలో ఎనిమిది, రెండవదానిలో ఆఱు గ్రుడ్లను ఉంచి, మాలో ఒకరి యింటి వరండాలో ఎండ సూటిగా తగులనిచోట పెట్టితిమి. రెమ్మలు వాడకుండ నీటి సీసాలలో నిలిపితిమి. ఒక నోటుపుస్తకము తెఱచి, ప్రతి దినము ఉదయమును సాయంకాలమును చూచినది వ్రాయ నారంభించితిమి.

మూడవనాటికి రెండు గ్రుడ్లు నల్లబడినవి. తక్కినవి నాలుగవనాటికి కొంచెము మసకబాఱినవి. రెండు రంగులును పొదుగుటకు గుర్తులే యని మేము సంతోషించితిమి. కాని ఫిబ్రవరి 24, 25 తేదీలలో పండ్రెండు గ్రుడ్లు మాత్రమే పొదిగి పురుగులు వెలువడినవి. నల్లబడిన రెండింటికి మఱి కొన్ని దినములకు సూదిమొనంత రంధ్రములు పడి, వానిలోనుండి నలుసులవంటి కందిరీగలు బయటికి వచ్చినవి. ఈ కందిరీగ తన గ్రుడ్లను సీతాకోకచిలుక గ్రుడ్డులోపల పెట్టును. దాని పిల్ల ఆ గ్రుడ్డును తిని పెరుగును. మేము రక్షించితిమనుకొన్నవి మా చేతికి రాకముందే పోయియున్నవి. అయినను ఆ కందిరీగను దూషింప తగదు. దానికిని పిల్లలు కలవు. దాని వలననే తోటలలో పురుగుల సంఖ్య హద్దు మీరకున్నది.

డింభక దశ

గ్రుడ్డునుండి వెడలిన పురుగు మొట్టమొదట తిన్నది తన గ్రుడ్డు పెంకునే. పిమ్మట లేత చిగురు అంచులు కొఱుక నారంభించినది. అది గోధుమవన్నె కలిగి, నడుమ తెల్లని మచ్చతో, ఆకుమీద పడిన పక్షిరెట్టవలె నుండును. దాని రక్షణోపాయము ఇదియే. రెట్టను ఏ పక్షియు ముక్కుతో పొడువదు. శరీరము పెరిగినకొలది చర్మము చాలక, పామువలె కుబుసము విడుచును. ఇట్లు నాలుగుమాఱులు కుబుసము విడిచి అయిదవ దశకు వచ్చునప్పటికి వేషము పూర్తిగా మాఱును. పచ్చని ఆకులో కలిసిపోవు పచ్చని పురుగై, ఒక అంగుళమునకు మించి పెరుగును. తాకినచో తలవెనుక నుండి రెండుగా చీలిన మెత్తని కొమ్మును వెలికి చాచి ఘాటైన వాసన విడుచును. మాలో ఒకరు ముక్కు దగ్గఱ పెట్టుకొని పరీక్షించి, మఱల నట్టి పరీక్ష చేయనని ప్రతిన పట్టిరి.

ఈ దశలో మేము చేసిన తప్పులు రెండు. మొదటిది చిన్నది. నీటి సీసా మూతిని దూదితో మూయ మఱచితిమి. ఒక పిల్లపురుగు రెమ్మవెంట క్రిందికి దిగి నీటిలో పడి చచ్చెను. ఇది ఎనిమిది గ్రుడ్లుంచిన పెట్టెలో జరిగినది. ఆ పెట్టెలోనివే నల్లబడిన గ్రుడ్లును. కావున అందు మిగిలినవి అయిదు. రెండవ పెట్టెలో ఆఱు.

రెండవది పెద్ద తప్పు. పురుగులు పెరిగిన కొలది వాని ఆకలియు పెరిగినది. పాఠశాల నిమ్మచెట్టు కొమ్మలు కొట్టినందున చిగురు కఱవైనది. మార్చి 4వ తేదీన మాకు పరీక్ష యుండెను. ఆకుకొఱకు తిరుగ తీరిక లేకపోయినది. కరివేపాకును వీని ఆహారమే గదా యని అంగడిలో ఒక కట్ట కొని తెచ్చి, మొదటి పెట్టెలో వేసితిమి. రెండవ పెట్టెలో మునుపటి నిమ్మాకు కొంత మిగిలియున్నందున దానిని కదలింపలేదు. మఱునాటి ఉదయమున చూడగా మొదటి పెట్టెలోని అయిదు పురుగులును పచ్చని రసము కక్కి, ముడుచుకొని, అడుగున పడియున్నవి. రెండవ పెట్టెలోని ఆఱును యథాప్రకారము మేయుచున్నవి.

మేము నిర్ఘాంతపోతిమి. మా తోడి విద్యార్థినులలో పట్టుపురుగులు పెంచు ఇంటి యామె ఒకతె కలదు. ఆమె ఆ పురుగులను చూచినంతనే, "ఆకులో మందున్నది. మా యింట మల్బరీ తోటకు మందు కొట్టిన పిదప గడువు తీరనిదే ఒక్క ఆకైనను పురుగులకు వేయనీయరు" అనినది. ఒకే తల్లి గ్రుడ్లో, ఒకే దినమున తెచ్చినవో, ఒకే వరండాలో ఉన్నవి. రెండు పెట్టెలకును భేదము ఆకు మాత్రమే. వేఱొక కారణము మాకు కానరాలేదు. పుస్తకములో ఆ దినపు పుట తెఱచి "అయిదు చచ్చినవి, తప్పు మాది" అని వ్రాసితిమి. కట్టలో మిగిలిన కరివేపాకును ఏమి చేయుటయో ఎవరికిని తోచలేదు. అది ఆ పూట మాలో ఒకరి యింట చారులో పడవలసిన ఆకు.

తాతగారి ప్రశ్న

మిగిలిన ఆఱు పురుగులకు మందు తగులని ఆకు కావలెను. మాలో ఒకని తాతగారికి ఊరి వెలుపల నిమ్మతోటయు, అంటుమొక్కల మడులును కలవు. మేము వెళ్లి సంగతి విన్నవింపగా ఆయన నవ్వి, "ఏమబ్బాయిలూ! మేము ఉదయము లేచినది మొదలు ఏరి పారవేయు పురుగును మీరు ఆకు పెట్టి సాకెదరా? మీ చదువు బాగున్నది!" అనిరి.

ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయినది. ఆయన మమ్ము మడులకడకు తీసికొనిపోయి చూపిరి. జానెడు ఎత్తు మొక్కకు ఆకులు పదో పండ్రెండో. ఒక్క పురుగు వానినన్నిటిని తిని మోడు చేసియున్నది. పిదప బావి ప్రక్కనున్న పెద్ద నిమ్మచెట్టు చూపిరి. దానిమీదను పురుగులు కలవు గాని, వెదకిననే గాని కొఱికిన జాడ తెలియదు. "ముదురుచెట్టునకు నూఱు ఆకులు పోయినను లెక్కలేదు. నారుమొక్కకు పది ఆకులు పోయిన ప్రాణము పోవును. ఏది ఎక్కడ ఉండదగునో తెలిసికొని సాకుడు" అని ఆయన చెప్పిరి. ఆ పెద్దచెట్టు కాయలు ఇంటి వాడుకకు గనుక దానికి మందు కొట్టరట. దానినుండి దినమునకు రెండు రెమ్మలు కోసికొనుటకు మాకు సెలవిచ్చిరి. వానిలో ఒక సీతాకోకచిలుకనైనను మడుల దగ్గఱ విడువబోమని మేము మాట యిచ్చితిమి.

తాతగారు చెప్పిన దానిలో లోకానుభవము కలదు. నిమ్మ సీతాకోకచిలుక మన దేశమున పుట్టి పెరుగునది. ఇక్కడ దానిని అదుపులో నుంచు కందిరీగలు, పక్షులు, సాలెపురుగులు కలవు. అదియే సముద్రములు దాటి 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనబడినప్పుడు అక్కడి నిమ్మ, నారింజ తోటలవారికి కలవరము కలిగినది. కావున ప్రాణిని రక్షించువారు దానికి చెందిన తావును కూడ ఎఱిగియుండవలెను.

కోశస్థ దశ, రెక్కలు వచ్చుట

మార్చి 13వ తేదీ మొదలు పురుగులు మేత మానినవి. నీరుగారిన మలము విసర్జించి, పెట్టె అంతయు కలయ తిరిగి, తుదకు ఒక్కొక్కటి ఒక్కొక్క పుల్లను ఎన్నుకొన్నది. పుల్లమీద కొంచెము పట్టు అల్లి, దానికి తోకచివరను తగిలించుకొని, నడుము చుట్టును ఒక పట్టుదారమును వైచుకొని, తల పైకి నిలిపి ఒరగినది. తాటిచెట్టెక్కువాడు నడుమునకు మోకు కట్టుకొని వెనుకకు ఆనుకొన్నట్లు ఉండెను. ఒక దినము గడచునప్పటికి చర్మము చిట్లి క్రిందికి జాఱిపోగా, లోపలినుండి కోశము బయలుపడినది. పచ్చని రెమ్మమీద ఒరగిన నాలుగింటి కోశములు పచ్చగాను, ఎండుపుల్లమీదివి రెండు గోధుమవన్నెతోను ఏర్పడినవి. చుట్టునున్న దానితో కలిసిపోవు ఉపాయము ఈ దశయందును విడువలేదు.

కోశము చూపునకు నిద్రించుచున్నట్లుండును గాని లోపల నిద్ర లేదు. నమలు నోటికి మాఱు పీల్చు గొట్టము, పొట్టి కాళ్లకు మాఱు పొడుగు కాళ్లు, మీసములు, రెక్కలు అన్నియు ఆ మఱుగున సిద్ధమగును. డింభకము ఆకు తిని కూడబెట్టిన ద్రవ్యముతోనే ఈ నిర్మాణమంతయు జరుగును. కోశము ఏమియు తినదు, త్రాగదు. రూపవిక్రియ యను ఒక్క మాటలో మేము వల్లించినది ఇంత పని యని అప్పుడు తెలిసినది.

ఒక కోశము దినదినమునకు నల్లబడి గట్టిపడి, తుదివఱకు విచ్చుకొనలేదు. తక్కిన అయిదింటికి మార్చి 25వ తేదీ సాయంకాలమున పైపొర పలుచనై, లోపలి నలుపు పసుపుల రెక్కలు కనబడినవి. మఱునాటి ఉదయము ఏడు గంటలకు మొదటిది విచ్చుకొన్నది. వెడలిన ప్రాణి మేము ఎదురుచూచినట్లు అందముగా లేదు. తడిసి ముద్దయైన పొట్లమువలె, రెక్కలు గోరంతయై, పొట్ట లావై యుండెను. అది పుల్లమీదికి ప్రాకి రెక్కలను క్రిందికి వ్రేలాడవైచి, పొట్టలోని ద్రవమును రెక్కల నరములలోనికి ఎక్కించుకొనగా, మేము చూచుచుండగనే రెక్కలు విప్పారినవి. కోశమునుండి వెడలునపుడు కొన్ని చుక్కల రంగునీరు విడుచును. దానిని రక్తమని భయపడ పనిలేదు. రెక్కలు ఆఱి గట్టిపడుటకు రెండు గంటలు పట్టినది.

అయిదింటిలో ఒకటి నున్నని సీసా గోడను పట్టుకొన జాలక అడుగునకు జాఱి పడెను. రెక్కలు వ్రేలాడుటకు చోటు లేక ముడుతలతోనే ఎండిపోయినవి. ఒకసారి గట్టిపడిన రెక్కను సరిచేయు ఉపాయము లేదు. కోశము కట్టు సమయమునకు పెట్టెలో గరుకు పుల్లలను చాలినన్ని నిలిపి సీసాలను తొలగించి యుండిన ఇది తప్పెడిది. దానికి చక్కెరనీటిలో తడిపిన దూదిని అందించితిమి. మూడు దినములు జీవించినది.

మిగిలిన నాలుగింటిని పది గంటల ఎండలో పాఠశాల ఆవరణమునకు, గ్రుడ్లు దొరకిన చోటికే, తీసికొనిపోయి పెట్టె మూత తీసితిమి. మూడు వెంటనే ఎగిరిపోయినవి. నాలుగవది నిమ్మచెట్టు మోడుమీద వ్రాలి, రెక్కలు పఱచి ఎండ కాచుకొన్నది. ఆఱవ తరగతి బాలుడు మా ప్రక్కనే నిలిచియుండెను. మోడునకు అప్పటికే ఎఱ్ఱని చిగురు రెండు తావుల పొడసూపియున్నది. "ఇక్కడినుండియే!" అని అతడే తన ప్రశ్నకు బదులు చెప్పుకొనెను.

లెక్క

పదునాలుగు గ్రుడ్లలో రెండు కందిరీగలకు పోయినవి. ఒకటి నీటిలో పడినది. అయిదు మందు తగిలిన ఆకు తిని చచ్చినవి. ఒక కోశము విచ్చుకొనలేదు. ఒకటి రెక్కలు విప్పుకొనలేకపోయినది. ఎగిరినవి నాలుగు. నాలుగేనా యని మొదట మాకు సిగ్గు కలిగినది. కాని ఆలోచింపగా వేఱొక సంగతి స్ఫురించినది. ఒక తల్లి పెట్టు అనేకమగు గ్రుడ్లన్నియు బ్రదికి రెక్కలు దాల్చినచో, కొలది తరములలోనే నిమ్మచెట్టునకు ఒక్క ఆకైనను మిగులదు. వాని సంఖ్య పెరుగక తరుగక నిలుచుటకు, ఒక జంట సంతానములో సగటున రెండు బ్రదికి పిల్లలను కనిన చాలును. తక్కినవి కందిరీగలకు, పక్షులకు, సాలెపురుగులకు ఆహారమగును. కందిరీగ తీసికొన్న రెండింటికి మేము చింతింపలేదు. మందునకు పోయిన అయిదింటికి చింతించితిమి. ఆ అయిదును ఏ ప్రాణికిని ఆహారము కాలేదు.

గ్రుడ్డును తెచ్చి పెట్టెలో పెట్టుటతో రక్షణము ముగియదని మా అనుభవము. ఆకున్నచోట గ్రుడ్డు తానే రక్షించుకొనును. ఆకు లేనిచోట, లేక ఆకు విషమైనచోట, ఎన్ని పెట్టెలు కట్టినను ప్రయోజనము లేదు. మేము తగులబెట్టు కుప్పనుండి గ్రుడ్లను తీసితిమి, మంచిదే. చిగురు వేయు మాసమున కొమ్మలు కొట్టక, ఒక నెల ఆగిన అంతకంటె మంచిది.

చిన్న తరగతులవారికి కొన్ని మాటలు

మీరును ఈ పని చేయదలచినచో మా తప్పులు మఱల చేయకుడు. కొట్టివేసిన కొమ్మలమీదను, వంటకు తెచ్చిన పెరటి కరివేపాకుమీదను దొరకిన గ్రుడ్లనే తెండు. చెట్టుమీద క్షేమముగా నున్న వానిని ముట్టకుడు. రెండు మూడింటికంటె ఎక్కువ పెంపకుడు. ఏ చెట్టుమీద దొరకినదో ఆ జాతి ఆకునే, మందు కొట్టనిదని తెలిసిన చెట్టునుండియే పెట్టుడు. పురుగును వ్రేళ్లతో పట్టక, అది యున్న ఆకుతోనే క్రొత్త ఆకుమీదికి చేర్చుడు. సీసా మూతిని దూదితో మూయుడు. మలమును దినమున కొకమాఱు తుడువుడు. దోమలమందు పూసికొన్న చేతితో పెట్టెను తాకకుడు. రెక్కలు వచ్చు వేళకు గరుకు పుల్లలు నిలుపుడు. గ్రుడ్డు దొరకిన చోటనే, ఎండ యున్న వేళనే విడువుడు. సీతాకోకచిలుకలను పట్టి సూదితో గ్రుచ్చి అట్టకు తగిలించు అలవాటు మనకు వలదు. కొన్ని జాతులకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ మిచ్చుచున్నది. మన తమిళనాడు రాష్ట్రము 2019లో తమిళ మఱవన్ అను పేరు గల సీతాకోకచిలుకను రాష్ట్ర చిహ్నములలో ఒకటిగా ప్రకటించినది. చిహ్నమునకు గౌరవము ఇచ్చుట చెట్టుతో మొదలు కావలెను.

వ్రాయుట మాత్రము మఱవకుడు. దినమునకు రెండు పంక్తులు చాలును. చచ్చిన దినమున కూడ వ్రాయవలెను. మాకు అన్నిటికంటె ఎక్కువ నేర్పినది మార్చి 5వ తేదీ పుటయే.

ఈ వ్యాసము ముగించుచుండగా తాతగారి తోటనుండి కబురు వచ్చినది. బావి ప్రక్కనున్న నిమ్మచెట్టున, మడులకు ఎడముగా నున్న తూర్పు కొమ్మను ఈ యేడు కత్తిరింపవలదని ఆయన పనివారితో చెప్పిరట. ఎందుకని వారడుగగా, "బడిపిల్లలకు" అని మాత్రము బదులిచ్చిరట.